పక్కింటి మామ్మ వాళ్ళ చిన్నతాతని వెతికిన కథ

మాది మదనపల్లి, ఉండేది ఐర్లాండ్‌లో డబ్లిన్ పక్కన లూకన్‌లో. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఒక్కతే ఉంటుంది, ఎనభై దాటేశాయి, మా పాప ఆవిడని మామ్మా అని పిలవడం మొదలుపెట్టాక మాక్కూడా అదే నోటికొచ్చేసింది, ఇప్పుడు ఆవిడే ఫోన్ చేసి "నేను, మామ్మని" అంటుంది. ఆవిడ పుట్టింది రాస్‌కామన్ కౌంటీలో, బాయిల్ అనే టౌన్ దగ్గర ఒక పల్లెలో. బాయిల్ అనగానే నేను కుర్చీలోంచి లేచినంత పని చేశా, ఎందుకంటే మా ఊళ్ళో బీటీ (బీసెంట్ థియోసాఫికల్) కాలేజీ గేటు దాటినోళ్ళకి మార్గరెట్ కజిన్స్ పేరు ఎక్కడో ఒకచోట తగలకుండా ఉండదు. 1919 ఫిబ్రవరిలో టాగూర్ మా ఊరొచ్చి జనగణమన పాడితే దానికి స్వరాలు రాసిపెట్టింది ఆవిడే, సంగీతంలో డిగ్రీ చేసిన మనిషి, ఇక్కడ ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం కొట్లాడి జైలుకి కూడా పోయొచ్చి 1915లో మొగుడితో కలిసి ఇండియాకి వచ్చేసింది. ఆ మార్గరెట్ కజిన్స్ పుట్టింది 1878లో, ఈ బాయిల్‌లోనే.

నేనింత ఆవేశంగా చెప్తే మామ్మ తాపీగా టీ పోసుకుంటూ "నేనెప్పుడూ వినలేదే" అంది. అని ఊరుకోలా, "మా వాళ్ళల్లో కూడా ఒకాయన ఇండియా పోయాడు, మా తాత తమ్ముడు, ఆర్మీలో చేరి పోయి అక్కడే జ్వరమొచ్చి చనిపోయాడంట, నువ్వు ఇండియా పిల్లవి కదా, కాస్త కనుక్కుని పెట్టరాదూ" అంది. ఇండియా అంటే ఏదో మా వీధి చివరి ఇల్లు అన్నట్టు. కానీ ఆవిడ అడిగిన తీరు చూస్తే వద్దనబుద్ధి కాలా, అప్పుడు నాక్కూడా ప్రాజెక్టుల మధ్యలో కాస్త ఖాళీ ఉండె, సరే అన్నా. అట్ల మొదలైంది.

ముందు ఆవిడకి తెలిసిందంతా నోట్‌బుక్‌లో రాసుకున్నా. తాత పేరు, నాయనమ్మ పేరు, పెళ్ళికి ముందు నాయనమ్మ ఇంటిపేరు, వాళ్ళ టౌన్‌ల్యాండ్ పేరు. ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం అని తర్వాత అర్థమైంది. టౌన్‌ల్యాండ్ అంటే కొన్ని పొలాలు, నాలుగిళ్ళు, ఒక పేరు, ఒక హద్దు, అంతే, అట్లాంటివి ఐర్లాండ్ మొత్తం మీద 60 వేలకి పైనే ఉన్నాయి. దాని పైన సర్కారు లెక్కకి సివిల్ పారిష్ వేరు, చర్చి లెక్కకి క్యాథలిక్ పారిష్ వేరు, వర్క్‌హౌస్ (గతిలేని పేదోళ్ళని పెట్టి పని చేయించుకునే చోటు) లెక్క కోసం పెట్టిన పూర్ లా యూనియన్ వేరు, జనన మరణాలు రాసుకునే రిజిస్ట్రార్ డిస్ట్రిక్ట్ వేరు, ఒకదాని హద్దు ఇంకోదానితో కలవదు. టౌన్‌ల్యాండ్ తెలీకుండా ఒట్టి ఇంటిపేరు పట్టుకుని వెతికితే ఒకే పేరున్నోళ్ళు ఒకే కౌంటీలో వందల మంది తగులుతారు, పైగా పిల్లల పేర్లు కూడా అందరివీ అవే, జాన్, ప్యాట్రిక్, మైకేల్, మేరీ, బ్రిజెట్. ఎందుకంటే ఇక్కడ కూడా పాతకాలంలో పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు, అట్ల వరసగా పెట్టుకుంటూ పోయేవాళ్ళు. మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టినట్టే. దీనివల్ల తికమకా ఉంది, లాభమూ ఉంది, పెద్ద కొడుకు పేరు చూసి తాత పేరు ఊహించి పెట్టుకోవచ్చు, తర్వాత కాగితం దొరికితే సరిచూసుకోవచ్చు.

మొదట 1901, 1911 సెన్సస్. ఇవి రెండూ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు, ఆ ఇంటి పెద్ద సంతకం పెట్టిన అసలు ఫారమే స్కాన్ చేసి కనిపిస్తుంది. 1901 మార్చి 31 రాత్రి ఆ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారో మొత్తం ఉంది. మామ్మ వాళ్ళ ముత్తాత, ఆయన భార్య, పిల్లలు, వాళ్ళల్లో పదమూడేళ్ళ పిల్లోడు, మనకి కావాల్సిన చిన్నతాత. ముత్తాతకి రాయడం రాదు, సంతకం దగ్గర ఇంటూ మార్కు. వేరే కాగితాల్లో ఇంటి వివరాలు ఉంటాయి, గోడలు దేనివి, కప్పు గడ్డిదా కాదా, ముందు వైపు కిటికీలు ఎన్ని, గదులెన్ని, ఆవుల కొట్టం ఉందా పందుల దొడ్డి ఉందా అని. గడ్డి కప్పు, రెండు గదులు. మామ్మకి చూపిస్తే చాలాసేపు ఆ కిటికీల కాలమ్ మీదే వేలు పెట్టుకుని కూర్చుంది, ఆ ఇల్లు ఆవిడ చిన్నప్పుడు ఇంకా ఉండేదంట, కోళ్ళు పెట్టేవాళ్ళంట అందులో.

1911 ఏప్రిల్ 2న మళ్ళీ తీశారు. అందులో చిన్నతాత లేడు, అంటే అప్పటికే పోయాడన్నమాట. 1911 ఫారంలో ఇంకో కొత్త ప్రశ్న ఉంది, పెళ్ళయి ఎన్నేళ్ళయింది, ఎంతమంది పిల్లలు ప్రాణంతో పుట్టారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు అని. ముత్తవ్వ గడిలో తొమ్మిది, ఆరు అని ఉంది. పెళ్ళి, పుట్టుక, చావు రిజిస్టర్లు కూడా ఉచితమే, నూరేళ్ళు దాటిన జననాలు, 75 ఏళ్ళు దాటిన పెళ్ళిళ్ళు, 50 ఏళ్ళు దాటిన చావులు చూసుకోవచ్చు, క్యాథలిక్కులవి 1864 నుంచి మొదలవుతాయి. ఆ ముగ్గుర్లో ఇద్దరి చావులు దొరికాయి, ఒకరికి కోరింత దగ్గు, ఒకరికి ఏదీ రాయలా. మూడో బిడ్డది పుట్టుకా లేదు, చావూ లేదు. మామ్మ దాని గురించి ఎక్కువ మాట్లాడలా, బాప్టిజం కాకుండా పోయిన పసిబిడ్డలని చర్చి స్మశానంలో పెట్టనిచ్చేవాళ్ళు కాదు, ఊరి బయట వేరే చోట రాత్రిపూట పూడ్చి వచ్చేవాళ్ళు, మా పొలాల్లో కూడా అట్లాంటి చోటు ఒకటి ఉంది, అటువైపు దున్నేవాళ్ళు కాదు అని మాత్రం చెప్పింది.

ఇంకో విచిత్రం, ముత్తాత వయసు 1901లో 55, 1911లో 70. పదేళ్ళలో పదిహేనేళ్ళు ఎట్ల పెరిగాడు అని నేను నవ్వుకుంటే, తర్వాత తెలిసింది ఇది దేశం మొత్తం ఉన్న వ్యవహారమే అని. 1909 జనవరి నుంచి బ్రిటిష్ గవర్నమెంటు (ఐర్లాండ్ అప్పటికి వాళ్ళ కిందే) 70 నిండినోళ్ళకి వారానికి ఐదు షిల్లింగుల పెన్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది. పాత కాలపోళ్ళకి బర్త్ సర్టిఫికెట్లు యాడుంటాయి, 1864కి ముందు పుట్టినోళ్ళు కదా, అందుకే సెన్సస్‌లో అందరూ ఒక్కసారిగా ముసలోళ్ళయిపోయారు.

ఇక్కడిదాకా హాయిగానే నడిచింది. దీని వెనక్కి పోదామంటే గోడ తగులుతుంది. 1922లో ఇక్కడ సివిల్ వార్, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే బిల్డింగులో ఒక వర్గం వాళ్ళు చేరారు, ఇంకో వర్గం ఫిరంగులు పెట్టి కొట్టింది, జూన్ 30న పెద్ద పేలుడు జరిగి పక్కనే ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ మొత్తం తగలబడిపోయింది. 1821, 31, 41, 51 సెన్సస్‌లు దాదాపు అన్నీ అందులోనే పోయాయి, వందల ఏళ్ళ వీలునామాలు, ప్రొటెస్టెంట్ చర్చి రిజిస్టర్లు, కోర్టు కాగితాలు కూడా. కాలిన కాగితం ముక్కలు డబ్లిన్ అంతా గాల్లో ఎగిరాయంట. పోనీ 1861, 71? అవి మనుషులే చేతులారా నాశనం చేశారు, లెక్కలు తీసుకోవడం అయిపోయాక ఇంకెందుకని. 1881, 91? మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కొరత వచ్చిందని పల్ప్ చేసేశారు. ఇది చదివిన రోజు నాకు నిజంగా కోపమొచ్చింది, మంటల్లో పోయింది అంటే ఏదో అనుకోవచ్చు, ఇవి మాత్రం ఆఫీసులో కూర్చుని ఆలోచించి చేసిన పని.

నూరేళ్ళు గడిచాక 2022 జూన్‌లో ఆ కాలిపోయిన ఆఫీసుని కంప్యూటర్‌లో మళ్ళీ కట్టి, ప్రపంచంలో ఎక్కడెక్కడో మిగిలిన నకళ్ళు పోగుచేసి వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అని తెరిచారు. చాలా గొప్ప పని, చూస్తుంటే గంటలు తెలీవు, కానీ రాస్‌కామన్‌లో రెండు గదుల గడ్డింట్లో ఉన్న మనిషికి నకలు ఎవడు తీసిపెడతాడు.

మరి మామ్మ వాళ్ళ పాతతరం దొరకలేదా అంటే దొరికింది, అదీ ఆ పెన్షన్ పుణ్యమానే. వయసు నిరూపించుకోవడానికి ముసలోళ్ళు దరఖాస్తు పెడితే, డబ్లిన్‌లో క్లర్కులు 1841, 1851 సెన్సస్ పుస్తకాలు తెరిచి ఆ కుటుంబాన్ని వెతికి ఒక ఫారం మీద రాసేవాళ్ళు. పుస్తకాలు 1922లో కాలిపోయాయి, ఈ ఫారాలు వేరే చోట ఉండి బతికిపోయాయి, ఇప్పుడు అవి కూడా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ముత్తాత పేరు కొడితే ఒకటి వచ్చింది. టౌన్‌ల్యాండ్ అదే, తల్లిదండ్రుల పేర్లు సరిపోయాయి. 1851లో ఆ ఇంట్లో ఉన్నోళ్ళ పేర్లు, వయసులు. ముత్తాతకి ఏడేళ్ళు. ఏడు అంటే 1911లో 67 కదా, 70 ఎట్లయింది! అంటే పెన్షన్ ఆఫీసర్‌కి దొరికిపోయాడు పాపం. మామ్మకి ఇది చెప్పినప్పుడు కళ్ళల్లో నీళ్ళొచ్చేంత నవ్వింది, మా వాళ్ళు ఎప్పుడూ ఇంతే, పట్టుబడే అబద్ధాలే ఆడతారు అని.

ఇంకా వెనక్కి పోతే రెండు పుస్తకాలు ఉన్నాయి. గ్రిఫిత్స్ వాల్యుయేషన్, 1847 నుంచి 1864 మధ్య దేశమంతా తిరిగి ఏ టౌన్‌ల్యాండ్‌లో ఏ భూమి ఎవరి సాగులో ఉంది, దొర ఎవరు, ఎన్ని ఎకరాలు, విలువెంత అని అచ్చు వేశారు, వర్క్‌హౌస్‌లు నడపడానికి పన్ను వేయాలి కదా అందుకు. దానికి ముందు 1823 నుంచి 37 దాకా టైత్ పుస్తకాలు, క్యాథలిక్ రైతులు కూడా ప్రొటెస్టెంట్ చర్చికి కట్టాల్సిన పన్ను లెక్క. ఇట్ల వరసపెట్టి చూస్తుంటే నాకు ఒకటి తట్టింది, సెన్సస్, జనన మరణాల రిజిస్టర్లు పక్కన పెడితే ఈ కుటుంబం గురించి నాకు దొరికిన ప్రతి కాగితం వెనకా డబ్బే ఉంది. చర్చి పన్ను, వర్క్‌హౌస్ పన్ను, పెన్షన్, తర్వాత చెప్పబోయే ఆర్మీ బాకీ. ఎవడో ఒకడు వసూలు చేసుకోవడానికో, లేకపోతే ఇవ్వకుండా తప్పించుకోవడానికో కూర్చుంటే తప్ప పేదోడి పేరు ఎవరూ రాసుకోలా. క్యాథలిక్ చర్చి బాప్టిజం రిజిస్టర్లు ఒక్కటే దీనికి కాస్త మినహాయింపు, నేషనల్ లైబ్రరీ వాళ్ళు 2015లో వాళ్ళ దగ్గరున్నవన్నీ ఉచితంగా పెట్టారు, చాలావరకు లాటిన్‌లో ఉంటాయి, జాన్‌ని జోవాన్నెస్ అని, జేమ్స్‌ని జాకోబుస్ అని రాస్తారు, ఫాదర్ల చేతిరాత చూస్తే మన డాక్టర్లే నయం అనిపిస్తుంది. అక్కడ కూడా ఒక్కో బాప్టిజానికి ఎంత ఇచ్చారో పక్కన రాసిన పేజీలు తగిలాయి, కాబట్టి మినహాయింపు కూడా పూర్తిగా కాదు.

టైత్ పుస్తకంలో ఆ టౌన్‌ల్యాండ్‌లో మామ్మ ఇంటిపేరున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. గ్రిఫిత్స్‌కి వచ్చేసరికి ఒక్కటే. మధ్యలో ఉన్నది 1845 నుంచి 52 దాకా సాగిన కరువు. బంగాళాదుంప తెగులు అని స్కూల్ పుస్తకంలో ఒక లైన్‌లో చదువుకున్నాం మనం, పదిలక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పదిలక్షలకి పైగా ఓడలెక్కారు, 1841లో 80 లక్షలు దాటిన జనాభా పదేళ్ళకి 65 లక్షలకి దిగింది, రాస్‌కామన్‌లో దాదాపు మూడో వంతు జనం లేరు. స్ట్రోక్స్‌టౌన్ అని బాయిల్‌కి దక్షిణాన ఒక టౌన్ ఉంది, అక్కడ దొర బంగళా ఆవరణలో ఇప్పుడు కరువు మ్యూజియం పెట్టారు. ఆ ఎస్టేట్ దొర డెనిస్ మహోన్ 1847లో 1,490 మంది కౌలుదార్లని కెనడా పంపించేశాడు, వాళ్ళని పోషించే ఖర్చు కంటే ఓడ టికెట్టు చవక అని లెక్క. వాళ్ళు రాయల్ కెనాల్ గట్టు మీద డబ్లిన్ దాకా నడిచి, లివర్‌పూల్ పోయి, అక్కడ ఓడలెక్కారు, ఆ ఓడల్లో జ్వరాలకి వందల మంది పోయారు. ఆ నవంబర్‌లోనే మహోన్‌ని ఎవరో దారి కాసి కాల్చి చంపారు. వాళ్ళు నడిచిన 165 కిలోమీటర్ల దారి ఇప్పుడు నేషనల్ ఫేమిన్ వే, గట్టు పొడవునా అక్కడక్కడా పిల్లల బూట్లు కంచుతో చేసి పెట్టారు. మా ఇంటికి దగ్గర్లో కెనాల్ గట్టు మీద వాకింగ్‌కి పోయినప్పుడు ఆ బూట్లు ఎన్నోసార్లు చూశాం, ఏదో ఆర్ట్ అనుకుని పాప వాటి పక్కన ఫోటోలు కూడా దిగింది. మా సీమలో 1876-78 ధాత కరువు గురించి మా నాయనమ్మ వాళ్ళ నాయనమ్మ మాటగా రెండు ముక్కలు చెప్పేది, ఎవరు పోయారు ఎంతమంది పోయారు అనేది ఎక్కడా లేదు, ఉన్నా ఏ కలెక్టరాఫీసు రిపోర్టులోనో అంకెలుగా ఉంటుంది.

ఇక చిన్నతాత. ఆయన చేరింది కనాట్ రేంజర్స్ అనే బ్రిటిష్ ఆర్మీ ఐరిష్ రెజిమెంట్‌లో అని మామ్మకి తెలుసు, బాయిల్ మధ్యలో కింగ్ హౌస్ అని పెద్ద బిల్డింగ్ ఉంది, దొరలు కట్టుకున్నది, తర్వాత నూరేళ్ళకి పైగా ఆ రెజిమెంట్ బ్యారక్స్‌గా ఉండె. పల్లెల్లో రెండో కొడుక్కి మూడో కొడుక్కి భూమి రాదు, ఓడ టికెట్టుకి డబ్బుండదు, ఆర్మీ ఒక్కటే. మొదటి ప్రపంచ యుద్ధం సిపాయిల సర్వీస్ ఫైళ్ళు లండన్‌లో ఉండేవి, సగానికి పైగా 1940లో జర్మన్ బాంబులకి కాలిపోయాయి. మళ్ళీ మంటే! ఆయన ఫైలు కూడా లేదు. కానీ మెడల్ కార్డులు మిగిలాయి, ఇంకా సోల్జర్స్ ఎఫెక్ట్స్ అని ఒక రిజిస్టర్ ఉంది, సిపాయి చచ్చిపోతే అతనికి రావాల్సిన జీతం బాకీ ఎవరికి ఎంత ఇచ్చారో రాసినది. ఇది చూడాలంటే డబ్బు కట్టాలి, ఒక నెలకి కట్టి చూసి క్యాన్సిల్ చేశా. అందులో దొరికాడు. చనిపోయింది 1916 ఏప్రిల్, బాకీ తీసుకుంది తల్లి. చోటు ఇండియా కాదు, మెసొపొటేమియా, ఇప్పటి ఇరాక్.

విషయం ఏందంటే రేంజర్స్ మొదటి బెటాలియన్ 1914లో పంజాబ్‌లో ఫిరోజ్‌పూర్‌లో ఉంది. యుద్ధం రాగానే లాహోర్ డివిజన్‌తో కలిసి కరాచీ నుంచి ఓడలో ఫ్రాన్స్‌కి పోయింది, ఏడాది పైన అక్కడ బురదలో కొట్లాడి, 1916 మొదట్లో బస్రాలో దిగింది. కూత్‌లో టర్కీ వాళ్ళ ముట్టడిలో ఇరుక్కున్న బ్రిటిష్ ఇండియన్ సైన్యాన్ని విడిపించాలని పోయినోళ్ళల్లో వీళ్ళు కూడా ఉన్నారు. విడిపించలేకపోయారు, ఏప్రిల్ 29న కూత్ లొంగిపోయింది. తూటాలతో పోయినోళ్ళు ఎంతమందో, కలరాతో జ్వరంతో పోయినోళ్ళు కూడా తక్కువేం కాదు, కాబట్టి జ్వరం అన్న మాట వరకు ఇంట్లో చెప్పుకున్నది నిజమే అయ్యుండొచ్చు. ఆయనకి సమాధి లేదు, పేరు బస్రా మెమోరియల్ మీద ఉంది, సమాధి తెలీని 40 వేల మందికి పైగా ఉన్న లిస్టు అది.

ఆ లిస్టు చూస్తున్నప్పుడే ఇంకోటి తెలిసింది. ఆ 40 వేలల్లో ఎక్కువమంది ఇండియన్ సిపాయిలే. ఆఫీసర్ల పేర్లు చెక్కారు, మామూలు సిపాయిలవి చెక్కలా, ఫలానా రెజిమెంట్, ఇంతమంది అని అంకె వేశారు, అంతే. మన మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ (సైన్యానికి బాటలు, వంతెనలు కట్టేవాళ్ళు) కంపెనీలు కూడా ఆ మెసొపొటేమియాలో పనిచేశాయి, వాళ్ళల్లో తెలుగోళ్ళు తమిళోళ్ళు ఉంటారు కదా. రాస్‌కామన్ గడ్డింటి పిల్లోడికి కనీసం పేరు దక్కింది. ఇది మామ్మకి చెప్తే ఆవిడ ఏమీ అనలా, లేచి పోయి ఇంకో కప్పు టీ తెచ్చిచ్చింది, ఈ దేశంలో దాన్నే సానుభూతి అనుకోవాలి.

ఆయన గురించి ఇంట్లో ఎందుకు అంత తక్కువ మాట్లాడుకున్నారు అనేదానికి కూడా కారణం దొరికింది. ఆయన పోయిన అదే 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది, బ్రిటిష్ వాళ్ళు నాయకుల్ని కాల్చి చంపారు, దేశం మనసు తిరిగిపోయింది. 1920లో అదే రెజిమెంట్ వాళ్ళు జలంధర్‌లో, మా ఊళ్ళల్లో బ్రిటిష్ సైన్యం అరాచకం చేస్తుంటే మేమిక్కడ మీకు డ్యూటీ చేయం అని తుపాకులు దించేశారు, జేమ్స్ డాలీ అనే కుర్రాడిని నవంబర్ 2న దగ్‌షాయిలో కాల్చి చంపారు. 1922లో ఐర్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోతున్నప్పుడు రెజిమెంటునే రద్దు చేశారు. కొత్త దేశంలో బ్రిటిష్ యూనిఫాంలో పోయిన కొడుకు ఫోటో గోడకి ఎవరు పెట్టుకుంటారు, డ్రాయర్‌లోకి పోయింది, అక్కడ్నుంచి ఎటు పోయిందో.

ఇదంతా ఆన్‌లైన్ వ్యవహారం. బాయిల్‌కి పోయింది మాత్రం వేరే పని మీద. మామ్మ వాళ్ళ వదిన చనిపోయి నెలయింది, ఇక్కడ చనిపోయిన నెలకి చర్చిలో ఒక మాస్, అంటే ప్రార్థన, చెప్పిస్తారు, అచ్చం మన మాసికమే, ఏడాదికి ఇంకోటి. నేను కార్‌లో తీసుకెళ్తా అన్నా, పాప కూడా వచ్చింది. మాస్ అయ్యాక టీ, శాండ్‌విచ్‌లు, బంధువులందరూ, నేను ప్రింట్ తీసుకెళ్ళిన కాగితాలు టేబుల్ మీద పరిచాక ఇక ఆ సందడి చూడాలి. తొంభై దగ్గర్లో ఉన్న ఒక పెద్దాయన ఆ గ్రిఫిత్స్ మ్యాప్ చూసి ఫలానా గట్టు, ఫలానా బావి అని పేర్లు చెప్తూ పోయాడు, మ్యాప్‌లో లేని పేర్లు అవి. నేను రాసుకుంటుంటే "ఇవి మా స్కూల్లో కూడా రాశాం" అన్నాడు. నిజమే, 1937 నుంచి 39 దాకా ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ వాళ్ళు దేశమంతా స్కూలు పిల్లలకి నోట్‌బుక్కులిచ్చి ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి కథలు, మందులు, సామెతలు, కరువు జ్ఞాపకాలు రాసుకురమ్మన్నారు, దాదాపు 50 వేల మంది పిల్లలు రాశారు. అవి కూడా స్కాన్ చేసి పెట్టారు. పెద్దాయన అప్పటికి మరీ చిన్నోడు, రాసింది ఆయన అక్క అయ్యుండాలి, కానీ ఆయన "మేమే" అనుకుంటున్నాడు, నేనేం సరిదిద్దలా. డబ్బుతో సంబంధం లేకుండా పేదోళ్ళ మాట కాగితమ్మీదకి ఎక్కింది ఇదొక్కటే నాకు కనిపించింది.

రాత్రికి మామ్మ మేనల్లుడు పబ్‌లో సెషన్‌కి రమ్మన్నాడు, ఆయన ఫ్లూట్ వాయిస్తాడు, చెక్కది. ఈ స్లైగో, రాస్‌కామన్, లీట్రిం వైపు ఫిడిలు, ఫ్లూటు ఎక్కువ, దగ్గర్లోనే గర్టీన్ పక్కన పుట్టిన మైకేల్ కోల్‌మన్ అనే ఫిడిల్ ఆయన అమెరికా పోయి 1920లలో న్యూయార్క్‌లో రికార్డులు ఇస్తే, ఆ రికార్డులు తిరిగి ఐర్లాండ్ వచ్చి దేశం మొత్తం వాయించే పద్ధతినే మార్చేశాయంట. సెషన్ అంటే కచేరీ కాదు, స్టేజీ లేదు, మైకు లేదు, మూలన టేబుల్ చుట్టూ కూర్చుని ఒకరికొకరు ఎదురుగా వాయించుకుంటారు, మనకి వీపులే కనిపిస్తాయి. ఒకరు మొదలుపెడితే తెలిసినోళ్ళు కలుస్తారు, తెలీనోళ్ళు గ్లాసు పట్టుకుని ఊరుకుంటారు. ఒక ట్యూన్‌లో రెండు భాగాలు, ఒక్కోటి రెండుసార్లు, అట్ల మొత్తం రెండుమూడు చుట్లు తిరిగాక గ్యాప్ ఇవ్వకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకేస్తారు, ఎవరు ఎప్పుడు సైగ చేశారో నాకు ఒక్కసారి కూడా దొరకలా. రీల్ అంటే నాలుగు దెబ్బలు, జిగ్ అంటే మూడేసి చొప్పున ఆరు, మా పాప స్కూల్లో టిన్ విజిల్ నేర్చుకుంటోంది కాబట్టి దానికి ఇవన్నీ తెలుసు, నాకు చెప్పింది అదే. కర్ణాటక సంగీతం చిన్నప్పుడు గీతాల దాకా వచ్చి మానేసిన దాన్ని, నాకు వినిపించిందేందంటే రాగం కంటే ఆ గమకాల్లాంటి చిన్న విరుపులే, ప్రతి చుట్టుకీ వాటిని మారుస్తారు, రెండుసార్లు ఒకేలా వాయించడం పరువు తక్కువన్నట్టు. ట్యూన్ ఎవరు కట్టారని అడిగితే ఎవరికీ తెలీదు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో మాత్రం అందరికీ తెలుసు.

పాపని వాయించమన్నారు, అది రెండు తప్పులతో ఒక పోల్కా వాయించింది, తర్వాత మీ దేశానిది ఏదన్నా అంటే జనగణమన. అప్పుడు నేను మార్గరెట్ కజిన్స్ కథ చెప్పా, నిలబడే విన్నారు, జాతీయగీతం కదా అని. ఫిడిల్ వాయించే ఒకావిడ లైబ్రరీలో పనిచేస్తుందంట, ఆవిడకి మార్గరెట్ గురించి తెలుసు, మదనపల్లి అనే ఊరు నిజంగా ఉందన్న సంగతి మాత్రం ఆ రోజే నమ్మినట్టుంది.

మరుసటి రోజు స్మశానానికి పోయాం. కుటుంబం రాయి మీద ముత్తాత, ముత్తవ్వ, తాత, అందరి పేర్లూ ఉన్నాయి, చిన్నతాతది లేదు. ఇప్పుడు ఆ పేరు చెక్కించాలని అందరూ ఒప్పుకున్నారు, కానీ ఏం చెక్కించాలన్నదే తేలలా. ఒక కజిన్ కనాట్ రేంజర్స్ అని ఉండాల్సిందే అంటాడు, మామ్మ మేనల్లుడు బ్రిటిష్ రెజిమెంట్ పేరు మా నాయన పక్కన వద్దంటాడు, మామ్మకి అయితే ఇండియా అనే మాట కావాలి, చిన్నప్పట్నుంచీ అట్లే విన్నా కదా అంటుంది. చెక్కేవాడు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడంట, కాబట్టి పేరు, 1916, బస్రా అని మూడే ముక్కలతో తేల్చేలా ఉన్నారు. ఈలోపు మామ్మ వాళ్ళ అమ్మ వైపు కూడా వెతకమని ఇంకో పేరు రాసిచ్చింది, లీట్రిం వాళ్ళు, టౌన్‌ల్యాండ్ పేరు ఆవిడకి గుర్తులేదు, ఇంటి ముందు చెరువు ఉండేది అని మాత్రం చెప్తోంది, లీట్రింలో ఎటు చూసినా చెరువులే.